దారిలో కెన్యా

కావ్యశ్రీ కూర్చుని అన్నం తినడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ప్లేటు చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మెట్ల దాకా నడుస్తూ తినేది. టొరంటో పడమటి చివర, ఎటోబికోలో కిప్లింగ్ స్టేషన్‌కి దగ్గరగా ఉన్న ఒక ఇంటి బేస్‌మెంట్ అది. నలుగురు ఆడపిల్లలు అద్దెకుండేవారు. కిటికీ నేలమట్టానికి ఉండేది. అందులోంచి మంచూ, మంచు మీద నడిచిపోయే బూట్లూ కనిపించేవి. మెడ బాగా వంచితే ఒక ముక్క ఆకాశం. ఆ ముక్కలోంచి పియర్సన్ విమానాశ్రయంలో దిగబోయే విమానాల పొట్టలు, చక్రాలు చాపుకుని, ఇంటి మీద వాలతాయేమో అన్నంత కిందుగా పోయేవి.

"కూసో పిల్లా, నిన్ను జూస్తే నాకే తల తిరుగుతాంది," అనేది చాందిని. వరంగల్ పిల్ల. నాలుగు మంచాల్లో కావ్య పక్క మంచం ఆమెది.

"కూర్చుంటే దిగదే," అనేది కావ్య.

ఆ రెండేళ్ళూ టొరంటోకి వచ్చే ప్రతి విమానంలోంచీ మన పిల్లలు దిగారు. బస్సులో ఏ సీటు వెనక నుంచైనా తెలుగు వినబడేది. కాఫీ షాపు ముందు, గిడ్డంగి ముందు, చలిలో వరసలో నిలబడి, ఎవరికి ఎన్ని షిఫ్టులు దొరికాయో చెప్పుకునేవారు. కావ్య కూడా అలాగే వచ్చింది. కొత్తగూడెం పిల్ల. చదువుతున్నది టూరిజం డిప్లొమా. ఎందుకు తీసుకున్నావని అడిగితే సీటు అందులో దొరికిందని చెప్పేది. నిజం వేరే. వాళ్ళ నాన్న కొత్తగూడెం బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషి. బడి అయిపోయాక ఆ గదిలోనే, ఆయన కుర్చీ వెనక, నేల మీద ఆమె చిన్నతనం గడిచింది. భద్రాచలం, మణుగూరు, ఇల్లందు, సత్తుపల్లి. ఆయన గొంతులోంచి ఊళ్ళు బయల్దేరేవి. ఆయన మాత్రం కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఊళ్ళ పేర్లు చెవిలో పడితే ఆమెకి అరికాళ్ళలో ఏదో కదిలేది. ఇప్పటికీ కదులుతుంది.

శని, ఆదివారాలు ఆమె విమానాశ్రయం దగ్గర ఒక పెద్ద వంటశాలలో పని చేసేది. విమానాల్లోకి వెళ్ళే భోజనాలు ట్రేలలో సర్దడం ఆ పని. బన్ను ఇక్కడ, వెన్న అక్కడ, సలాడ్ ఆ మూల. తాను సర్దిన ట్రే పొద్దు గడిచేలోగా ఏ సముద్రం మీదో ఎవరి ఒళ్ళోనో తెరుచుకుంటుంది. తాను మళ్ళీ కిప్లింగ్ బస్సెక్కుతుంది. మిగతా రోజుల్లో, క్లాసులు లేని పూట, ఆంజనేయప్రసాద్ గారి ట్రావెల్ ఆఫీసులో ఉండేది. ఆయన తెనాలి మనిషి. న్యూజెర్సీలో కంప్యూటర్ ఉద్యోగం చేసి, అది విసుగొచ్చి, ఇక్కడికొచ్చి టికెట్లు అమ్ముకుంటున్నాడు. రెండు బల్లలు, ఒక హీటరు, గోడ మీద ప్రపంచ పటం. పటం కింద నిలబడి కావ్య ఫోన్లు మాట్లాడేది. ఆయన ఆమె కోసం తెప్పించిన కుర్చీ మీద ఆయన కోటు ఉండేది.

ఆ ఆఫీసుకి వచ్చే మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఎవరూ ఒక దేశం చూడడానికి బయల్దేరరు. ఇండియా వెళ్తూ వెళ్తూ చూస్తారు. పారిస్ అయినా దారిలోనే, ఇస్తాంబుల్ అయినా దారిలోనే. దారి కాని దేశం వాళ్ళ లెక్కలో లేదు. ఆ చలికాలం దారిలోకి కెన్యా వచ్చింది. నైరోబీ నుంచి ముంబైకి నేరుగా విమానం ఉందని ఎవరో చెప్పారు. పెద్దవాళ్ళు కొందరు కూడబలుక్కున్నారు. ఫిబ్రవరిలో ఎలాగూ ఇండియా వెళ్తున్నాం, ఆరు రోజులు ఆగి సింహాన్ని చూసి పోదాం అన్నారు.

"వీళ్ళతో తెలుగు మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి," అన్నాడు ప్రసాద్ గారు. "నువ్వు వెళ్తావా కావ్యా? కాలేజీకి రీడింగ్ వీక్ సెలవులు కలిసొస్తాయి. గ్రూపు నిండితే నీ టికెట్ నాది. వాళ్ళని ముంబైలో దించి, నువ్వు వెనక్కొచ్చెయ్."

ఆ రోజు ఆమె బస్సెక్కలేదు. మంచులో ఇంటిదాకా నడిచింది. ఆమె పాస్‌పోర్టులో కెనడా వీసా స్టాంపు మార్చి దాకానే ఉంది. అది దాటితే, దేశం వదిలి వెళ్ళాక మళ్ళీ రానిస్తారో లేదో చెప్పలేని బతుకు. స్టడీ పర్మిట్ పొడిగింపు, ఆ తర్వాత వర్క్ పర్మిట్, ఆ తర్వాత శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్, ఎన్నేళ్ళో. వెళ్ళాలంటే ఇప్పుడే. ఈ ఒక్క కిటికీ తెరిచి ఉంది. అదీ నేలమట్టానికి.

గ్రూపులో అందరికీ ఇవ్వడానికి కెన్యా గురించి రెండు పేజీలు రాయమన్నాడు ఆయన. నడుస్తూ, ఫోనులో వేలితో, ఆమె రాసింది.

"కెన్యా తూర్పు ఆఫ్రికాలో ఉంది. భూమధ్యరేఖ దాని నడుం మీదుగా పోతుంది. అయినా నైరోబీలో సాయంత్రాలు చలి వేస్తుంది, ఊరు అంత ఎత్తులో ఉంది. వానలు రెండుసార్లు వస్తాయి. మార్చి నుంచి మే దాకా పెద్దవి, అక్టోబరు తర్వాత చిన్నవి. మీరు వెళ్ళే ఫిబ్రవరి పొడిగా, పచ్చిక పల్చగా ఉంటుంది కాబట్టి జంతువులు బాగా కనబడతాయి. నకూరు సరస్సులో గులాబీ రంగు కొంగలు ఉండొచ్చు, లేచిపోయి ఉండొచ్చు, వాటి ఇష్టం. మొంబాసా ఒడ్డున నిలబడి ఈశాన్యంగా చూస్తే అన్నీ నీళ్ళే. ఆ నీళ్ళకి అవతల మన దేశం."

ప్రసాద్ గారు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చదివాడు.

"సముద్రం తీసెయ్. ఆరు రోజుల్లో మనవాళ్ళు మొంబాసా దాకా పోరు. సింహం పైకి తే. వెజ్ దొరుకుతుందని పెద్దక్షరాల్లో పెట్టు. ఆ కొంగలు లేచిపోవడం ఎందుకమ్మా, ఉంటాయని చెప్పు."

"లేకపోతే, అంకుల్?"

"లేకపోతే అప్పుడు చూద్దాం. టీకాల సంగతి?"

"చూశా. కెనడా నుంచి వెళ్ళేవాళ్ళని కెన్యా ఏ టీకా కార్డూ అడగదు."

"అది పెట్టు. అది ముఖ్యం."

పెట్టింది. కార్డు అవసరం లేదని, పెద్దక్షరాల్లో. వీసా సంగతి రాసిన మర్నాడే మార్చి రాయాల్సి వచ్చింది. కెన్యావాళ్ళు జనవరి నుంచి వీసా తీసేసి, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలన్నారు. ఏ నియమమూ ఎక్కువ రోజులు కూర్చోదు అనుకుంది, తనలాగే.

వంటశాలలో ట్రేల వరసలో ఆమె పక్కన నిలబడేది వంజీరు. కెన్యా పిల్లే. న్యేరి అనే కొండ ఊరి నుంచి వచ్చి నర్సింగు చదువుతోంది. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు, చేతులు ఆపకుండా. మధ్యాహ్నం తిండి పంచుకునేవారు. వంజీరు మొక్కజొన్న పిండితో ఉగాలి చేసి తెచ్చేది. అచ్చం సంకటి ముద్ద. పక్కన సన్నగా తరిగిన ఆకుకూర. దానికి కావ్య గోంగూర పచ్చడి కలిపింది ఒకసారి. అప్పట్నుంచి వంజీరు ఖాళీ డబ్బా చూపించి గోంగూర అడిగేది.

"మీ దేశం గురించి వాళ్ళకి ఏం చెప్పను?" అని అడిగింది కావ్య.

"స్వెట్టర్లు తెచ్చుకోమను. ఆఫ్రికా అనగానే అందరూ పల్చటి బట్టలేసుకుని దిగుతారు. మారా అడవిలో తెల్లవారుజామున జీపు పైకప్పు లేపుతారు. సింహం కనబడేసరికి నీ పళ్ళు టకటకలాడుతుంటాయి. ఫోటోలన్నీ వణికిపోతాయి."

"ఇంకా?"

"ప్లాస్టిక్ సంచులు వద్దను. మా దగ్గర నిషేధం."

కావ్య పకపకా నవ్వింది. "మావాళ్ళ సూట్‌కేసులో బట్టల కన్నా కవర్లే ఎక్కువ. ఆవకాయ సీసాకి ఒకటి, దాని మీద ఇంకొకటి, కారిపోతుందేమోనని మరొకటి. విప్పితే ఉల్లిపాయలా వస్తూనే ఉంటుంది."

"గుడ్డ సంచులు కుట్టించమను. మళ్ళీ ఎప్పుడొస్తారు వాళ్ళు?"

"వెంటనే రారు. అటు నుంచి అటే ఇండియా."

వంజీరు చేయి ఆగింది. ట్రేలు వచ్చి ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. అవతల చివర నుంచి సూపర్‌వైజర్ కేకేశాడు.

"పసుపుపచ్చ కార్డు ఉందా వాళ్ళ దగ్గర?" అంది వంజీరు. "ఎల్లో ఫీవర్ టీకా కార్డు. మా పిన్ని కొడుకు పుణెలో చదివాడు. సెలవులకి వచ్చి తిరిగి వెళ్తూ కార్డు ఇంట్లో మర్చిపోయాడు. ముంబైలో ఎయిర్‌పోర్టు బయటికి రానివ్వలేదు. ఆసుపత్రిలో పెట్టారు. గదికి దోమతెర, తలుపుకి కాపలా."

మిగతా షిఫ్టంతా కావ్య వెన్నకి బదులు రెండేసి బన్నులు పెట్టింది. విరామంలో గోడకి ఆనుకుని ఫోనులో వెతికింది. దాపరికం ఏమీ లేదు. కెన్యా అడగదు, నిజమే. ఇండియా అడుగుతుంది. కెన్యా నుంచి వచ్చే ప్రయాణికుడు టీకా వేయించుకుని పది రోజులు గడిచిన కార్డు చూపించాలి, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. కెనడావాళ్ళ కోసం రాసిన కాగితాలన్నీ కెనడా నుంచి కెన్యా వెళ్ళి కెనడాకే తిరిగొచ్చే మనిషిని ఊహించుకుని రాసినవి. ఆమె కూడా అలాగే చూసింది. దారిలో ఆగే మనిషిని ఎవరూ ఊహించలేదు.

గ్రూపువాళ్ళందరినీ కూర్చోబెట్టి ప్రయాణం గురించి చెప్పే మీటింగు మర్నాడే, సోమవారం. పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తింది.

"అంకుల్, టీకా లైను తప్పు," అని మొత్తం చెప్పింది.

ప్రసాద్ గారు విన్నాడు. హీటరు కాస్త తగ్గించాడు, మళ్ళీ పెంచాడు.

"ఎవరడుగుతారమ్మా. నైరోబీ నుంచి రోజూ జనం దిగుతూనే ఉంటారు."

"అడుగుతారు అంకుల్. రూలు అది."

"అరవై దాటినవాళ్ళకి ఆ టీకా డాక్టర్లు తేలిగ్గా వెయ్యరు. ముందూ వెనకా ఆలోచిస్తారు. మన గ్రూపులో అరవై దాటనిది ఎవరు? ఈ మాట చెబితే మిగిలేది నువ్వూ నేనూ. చూడు, నీ టికెట్ కూడా ఇందులోనే ఉంది. మార్చి తర్వాత నీ స్టాంపు..."

"తెలుసు అంకుల్."

"అబద్ధం చెప్పమనట్లేదు నేను. అడిగితే చెప్పు. అడక్కపోతే..." అని ఆగాడు. చెడ్డవాడు కాదు ఆయన. పరీక్షల రోజుల్లో హీటరు దగ్గర చదువుకోమని ఫోన్లు తనే ఎత్తిన మనిషి. "అడక్కపోతే, ఊళ్ళో అందరికీ కొద్దో గొప్పో అదృష్టం ఉంటుందిలే."

మధ్యాహ్నం లైబ్రరీలో చిన్న గది. అంత చలిలోనూ అందరూ వచ్చారు. ఫ్లాస్కుల్లో టీ, స్టీలు డబ్బాలో మురుకులు. గది నిండా తడి ఊలు వాసన. కావ్య తెర పక్కన నిలబడింది. కాళ్ళు నిలవలేదు. ఇటు రెండడుగులు, అటు రెండడుగులు. మారా పచ్చిక చూపించింది. రిఫ్ట్ లోయ చూపించింది. కెన్యాలో చాయ్‌ని చాయ్ అనే అంటారని, చపాతీని చపాతీ అనే అంటారని చెబితే అందరి ముఖాలూ వికసించాయి.

"సింహానికి ఎంత దూరంలో ఉంటాం అమ్మాయ్?" అని అడిగాడు వీరభద్రం గారు. కాకినాడ మనిషి. రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నాడు.

"జీపులోనే ఉంటాం అంకుల్. అది మనల్ని పట్టించుకోదు."

"ఈయన సీటు బెల్టు పెట్టుకునేలోపు అది పడుకుని లేచి వెళ్ళిపోతుంది," అంది ఆయన భార్య రత్నకుమారి. అందరూ నవ్వారు.

"బాత్రూములు?"

"ఉంటాయి ఆంటీ. కానీ మధ్యలో జీపు దిగకూడదు."

"అయితే ఈయనకి టీ ఇవ్వకండి పొద్దున్న."

స్వెట్టర్లు చెప్పింది. కవర్లు చెప్పింది. కవర్ల దగ్గర పెద్ద గొడవ జరిగింది, ఆవకాయ ఎలా తీసుకెళ్ళాలని. టీకా గురించి ఎవరూ అడగలేదు. కాగితం మీద పెద్దక్షరాల్లో ఉంది కదా. ప్రసాద్ గారు పేర్లు రాసే కాగితం బల్ల మీద పెట్టాడు. కావ్య వైపు చూడలేదు.

ముందుగా లేచింది సరోజన గారు. జగిత్యాల ఆవిడ. ఒక్కతే ప్రయాణం. పెన్ను తీసుకుని, కావ్య మణికట్టు పట్టుకుంది. ఆ చేయి వెచ్చగా ఉంది.

"నువ్వు గూడ వస్తున్నవ్ గద బిడ్డా? నువ్వుంటే నాకు ధైర్యం. మా మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉన్నది. నేను పోతేనే ముహూర్తం అన్నరు. గిట్ల అడవి జూసి, అట్ల దిగి పోత."

"వస్తున్నా ఆంటీ," అంది కావ్య.

ఆ మాట అన్నాక ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మొదటిసారి. గదిలో మురుకులు నములుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు. కొత్తగూడెంలో వాళ్ళ నాన్నది, పదానికీ పదానికీ మధ్య బస్సు పట్టేంత ఖాళీ ఉన్న ఆ గొంతు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

అందరూ తలెత్తారు. ఎవరో నవ్వబోయి ఆగారు. ఆమె చెప్పింది. కెన్యా అడగదు, ఇండియా అడుగుతుంది. కార్డు లేకపోతే ముంబైలో ఆపుతారు. పెద్ద వయసువాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి, ఆయన వద్దంటే వేయించుకోకూడదు.

"కాగితం మీద అవసరం లేదని ఉందేంటమ్మా?" అన్నాడు వీరభద్రం గారు.

"నేనే రాశానంకుల్. తప్పు రాశా. కెన్యాలోకి వెళ్ళడం ఒక్కటే చూశా. మీరు అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తారో చూడలేదు."

గది ఒక్కసారి లేచింది. ఒకాయన ప్రసాద్ గారిని పట్టుకున్నాడు. ఒకావిడ డాక్టర్ కొడుక్కి ఫోన్ చేసింది. కొడుకు ఇంగ్లీషులో వద్దు అమ్మా వద్దు అనడం గది మొత్తం విన్నది. సరోజన గారు పెన్ను కింద పెట్టింది.

"ఆరు దినాలు ఆపుతరా? నన్నొక్కదాన్ని?"

"కార్డు లేకపోతే ఆపొచ్చు ఆంటీ."

"నాకు అడవీ వద్దు, గిడవీ వద్దు. సీదా హైదరాబాద్ టికెట్ గొట్టు," అని ప్రసాద్ గారితో అని, మురుకుల డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకుంది. కావ్య వైపు మళ్ళీ చూడలేదు. కోపమో, తొందరో.

ఒక్కొక్కరే కోట్లు వేసుకున్నారు. చివరికి వీరభద్రం గారు కుర్చీ వెనక్కి జరిపి, "పోనీ కెన్యా ఒక్కటే చూసి ఇంటికొచ్చేద్దాం. ఇండియా తర్వాత," అన్నాడు.

"ఒక్క కెన్యా కోసమా? అంత దూరం?" అంది రత్నకుమారి.

"దారిలో ఉంటేనే దేశమా ఏంటే? లేకపోతే కాదా?"

ఆ మాటకి గుమ్మం దగ్గర ఇద్దరు ఆగారు. ఆ జంట వెనక్కొచ్చి కూర్చుంది. నలుగురి పేర్లు పడ్డాయి. అంతకు మించి పడలేదు.

ప్రసాద్ గారు ఆమెని కారులో దించాడు. దారంతా వైపర్లు మంచుని అటూ ఇటూ తోశాయి.

"నలుగురికి తోడు మనిషిని పంపలేనమ్మా," అన్నాడు.

"తెలుసు అంకుల్."

"మంచి పని చేశావనను. చెడ్డ పని అని కూడా అనలేను." సిగ్నల్ దగ్గర ఆగి, "సీటు బెల్టు పెట్టుకో," అన్నాడు.

ఆ వారంలోనే కెనడా ప్రభుత్వం కొత్త స్టూడెంట్ల సంఖ్యకి పరిమితి పెడుతోందని వార్త వచ్చింది. బేస్‌మెంట్‌లో నలుగురి ఫోన్లూ ఆగకుండా మోగాయి. చాందిని తమ్ముడు ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని ఊళ్ళో కూర్చున్నాడు, ఏం చెయ్యాలో తెలీక. కావ్య ప్లేటు పట్టుకుని తిరుగుతోంది. కిటికీ దాకా, మెట్ల దాకా. తిరిగి తిరిగి, ప్లేటు సింకులో పెట్టి, బూట్లు వేసుకుంది.

"ఎటు?"

"ట్రావెల్ క్లినిక్. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటా."

"పోని దేశానికి సూదేందే?" అంది చాందిని, మంచం మీంచి లేవకుండానే. "టికెట్ లేదు, పంపెటోడు లేడు, స్టాంపు పోతాంది. షిఫ్టు పైసలు దండగ."

"పోవాలంటే ముందు అదే ఉండాలి కదా."

"పిచ్చి లేసింది నీకు."

"ఎప్పుడో లేచింది," అని మెట్లెక్కింది.

క్లినిక్‌లో నర్సు నెరిసిన జుట్టు మనిషి, నెమ్మదైన మాట. ఫారం చూస్తూ అడిగింది.

"ఏ దేశం?"

"కెన్యా."

"అక్కణ్ణుంచి ఎక్కడికి?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. కావ్య తలెత్తి ఆమెని చూసింది. "ఇండియా," అంది. "తేదీ ఇంకా లేదు. మార్చిలో కాకపోతే ఆ తర్వాత. ఎప్పుడో నాకు తెలీదు. వెళ్తాను."

నర్సు తేదీ గడి దగ్గర గీత పెట్టి, సూది తీసింది. చిన్న నొప్పి, చీమ కుట్టినట్టు. తర్వాత పసుపుపచ్చ కార్డు మీద పేరు రాసింది, ముద్ర వేసింది, ఊది ఆరబెట్టింది.

"ఇది ఎప్పటిదాకా చెల్లుతుంది?" అని అడిగింది కావ్య.

"నువ్వు బతికున్నంత కాలం."

"ఎక్స్‌పైరీ?"

"లేదు."

"రెన్యూ చెయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మాయీ," అని నవ్వింది నర్సు. "కాసేపు అక్కడ కూర్చో. కళ్ళు తిరుగుతాయేమో చూడాలి."

కావ్య కూర్చుంది. కార్డు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఎప్పటిదాకా చెల్లుతుందో రాసే గడిలో, బతికున్నంత కాలం అని నర్సు రాసిన మాటలు చదివింది. కుర్చీ గట్టిగా ఉంది. భుజం వేడెక్కుతోంది. కిటికీ అవతల, ఈసారి మెడ వంచక్కర్లేనంత ఎత్తులో, ఒక విమానం మంచులోకి పైకి లేస్తోంది. చూడడానికి లేచి నాలుగడుగులు వేసింది.

"కూర్చోమన్నానా!" అని లోపల్నుంచి నర్సు కేక వినబడింది.

"కూర్చుంటున్నా," అంది కావ్య, కిటికీ దగ్గర నిలబడే.